స్నానపు నీళ్లు: పాత బాయిలరు, క్రొత్త బాయిలరు

గృహిణి ప్రొద్దుననే చేయు మొదటి పని యేదని యెవరినైన నడిగినచో వంట యని చెప్పుదురు. కాని చలికాలమున వంటకు ముందే మరియొక పని కలదు. అది ఇంటిల్లిపాదికిని స్నానమునకు నీళ్లు కాచుట. చుక్క పొడువకమునుపే లేచి, కట్టెలు చేర్చి, పొగ నూది, నీళ్లు మోసి, ఒకరి తరువాత నొకరిని లేపి స్నానమునకు పంపుట ఏండ్ల తరబడి సాగుచున్నను ఆ పనిని ఎవరును లెక్కింపరు. గత సంవత్సరము మా యింట బాయిలరు చెడిపోగా, దాని స్థానమున క్రొత్తదానిని ఎన్నుకొనుటలో మేము పడిన తర్జనభర్జనలను, చేసిన పొరపాటును, నేర్చుకొనిన సంగతులను మీ యెదుట నుంచుచున్నాము. మేము శాస్త్రము చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద ఇంటనే కావ్యములును పురాణములును చదువుకొన్నవారము. అయినను ఇంటిలో పసిపిల్ల ప్రాణమునకు ముప్పు వచ్చి తొలగినప్పుడు తల్లి తెలిసికొనరాని శాస్త్రమనునది ఉండదని మాకు తోచినది.

మాది రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము. గోలకొండను 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరును మోయుచున్న యూరు. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాట మీద నున్నది. ఇచట వేసవి యెంత తీవ్రమో చలియు నంతే. పుష్యమాసమున తెల్లవారుజామున పది డిగ్రీల దాపునకు చలి దిగు దినములు కలవు. మా వారు ఉపాధ్యాయులు. ఇంటిలో డెబ్బది దాటిన అత్తగారు, పదవ తరగతి చదువు పెద్దమ్మాయి, ఆరేండ్ల చిన్నది, మే మిద్దరము కలిసి ఐదుగురము.

మా బాయిలరు పెండ్లినాడు పుట్టినింటివారు సారెతో నిచ్చిన రాగిది. నేటి పిల్లలకు దాని స్వరూపము తెలియకపోవచ్చును గావున చెప్పుచున్నాము. అది నడుము వరకు నుండు గుండ్రని పాత్ర. దాని నడుమ నిలువుగొట్టము, గొట్టము నడుగున ఇనుప జల్లెడ యుండును. గొట్టములో బొగ్గులో చిదుగులో వేసి నిప్పు పెట్టినచో చుట్టునున్న నీరు వేడెక్కును. ప్రక్కనున్న ఇత్తడి కుళాయి త్రిప్పి వేడినీరు పట్టుకొందుము. పైన పోసిన చన్నీటికి తగినంత వేడినీరు క్రింద దొరకును. పదునారేండ్లు అది మాకు సేవ చేసినది. రెండుమారులు కంచరివాడు మాటు వేసెను. గత మార్గశిరమున మూడవమారు కారనారంభించెను. కంచరివాడు దానిని తిరగవేసి చూచి, రేకు పలుచబడినదనియు, ఇక మాటు నిలువదనియు చెప్పి, కూలి పుచ్చుకొనకయే పోయెను.

పొగను గూర్చి రెండు మాటలు

బాయిలరు చెడిన తరువాత కొన్ని దినములు పెరటిలో మూడురాళ్ల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచితిమి. అప్పుడు మాకొక సంగతి స్పష్టముగా కానవచ్చినది. మన వంటయింటిలోనికి గ్యాసు పొయ్యి వచ్చి చాలకాలమైనది. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన పిమ్మట బీదకుటుంబములలోనికిని అది వచ్చినది. అయినను స్నానపు నీళ్ల పొయ్యి మాత్రము పెరటిలో కట్టెలతోనే మండుచున్నది. కూడు వండునప్పుడు పొగ చెడ్డదైనచో, నీళ్లు కాచునప్పుడు అది మంచిదెట్లగును? ఇంటిపొగ వలన 2020వ సంవత్సరమున లోకమంతటను సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్య సంస్థ అంచనా వేసినది. ఆ పొగను ఎక్కువగా పీల్చువారు స్త్రీలును, వారి కొంగు పట్టుకొని తిరుగు పిల్లలునే.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యాతిథ్యమును వర్ణించుచు, ఎడతెగని వానల దినములలో ఆతని యిల్లాలు కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పలు మండించి అతిథులకు వండెనని వ్రాసినాడు. రాజ్యమేలిన వానికి పొయ్యి యెదుట కూర్చున్న ఆడుదాని కన్నులు గుర్తుకు వచ్చినవి. మన యిండ్లలో ఆ మాట ఎన్నడైన ఎవరికైన తోచినదా యని ఆ పద్యము చదివినప్పుడెల్ల అనుకొందుము. మా అత్తగారికి ఆయాసము కలదు. ఆమె కొరకే వేడినీళ్లు, ఆ వేడినీళ్ల పొగతోనే ఆమెకు దగ్గు. పదునారేండ్లు ఈ సంగతి మా కంటి యెదుటనే యున్నను మాకును తట్టలేదు.

మా పొరపాటు

కట్టెల బాధ తాళలేక, క్రొత్త బాయిలరు కొనువరకు చాలునని, నీళ్లలో ముంచి వేడిచేయు విద్యుత్కడ్డీని, అందరును రాడ్డు అని పిలుచుదానిని, తెచ్చుకొంటిమి. అది చౌకయైనది. ఇనుప బకెట్టులో వ్రేలాడదీసి మీట నొక్కినచో అరగంటలోపల నీళ్లు కాగును. నాలుగు దినములు బాగుగనే జరిగినది. ఐదవదినమున మేము వంటయింటిలో నుండగా చిన్నది నీళ్లు కాగినవో లేదో చూతమని బకెట్టులో వ్రేలు ముంచినది. కెవ్వుమని యరచినది. పరుగెత్తి పోయి మీట కట్టివేసితిమి. పిల్ల వణకుచు, “అమ్మా, నీళ్లు కరిచినయ్!” అనినది.

ఆ సమయమున అది పొడిగా నున్న చెక్కపీట మీద నిలిచియుండెను. తడినేల మీద వట్టి కాళ్లతో నిలిచియున్నచో ఏమి జరిగియుండునో తలచుకొనుటకును మనసొప్పదు. మీట వేసియున్నంతవరకు ఆ నీటిలో వ్రేలు పెట్టరాదని పిల్లకు చెప్పనిది మేము. బకెట్టును దానికి అందునట్లు పెట్టి ప్రక్క గదిలోనికి పోయినది మేము. ఆ తప్పు మరియొకరి మీద త్రోయలేము.

నాటి సాయంకాలము మా వారు విద్యుత్తు పని తెలిసిన యువకుని పిలుచుకొని వచ్చిరి. అతడు చిన్న బల్బునకు రెండు తీగెలు కట్టి, ఒకదానిని విద్యుత్తు వచ్చు రంధ్రమునను, రెండవదానిని పైనున్న పెద్ద రంధ్రమునను పెట్టి చూపెను. బల్బు వెలుగలేదు. “అమ్మా, మూడో తొర్ర ఉన్నది గని, దానికి వైరే లేదు,” అనెను. గోడ విప్పి చూడగా అతని మాట నిజమాయెను. ఇల్లు కట్టిననాటి నుండి మా గోడలకు మూడేసి రంధ్రముల సాకెట్లు ఉన్నవి కాని, ఆ మూడవదానిని భూమితో కలుపు తీగె ఏ గదిలోను లేదు.

ఈ మూడవ రంధ్రపు పని యేమని పాఠికలు అడుగుదురేమో. ఏదైన పరికరము లోపల చెడి, విద్యుత్తు దాని లోహపు ఒంటిలోనికి వచ్చినచో, అది పోవుటకు సులువైన దారి నేలలోనికి చూపునదే ఆ తీగె. దానిని ఎర్తింగు అందురు. దారి యున్నచో విద్యుత్తు అటు పోవును, ఫ్యూజు కాలిపోవును లేదా రక్షక మీట పడిపోవును. దారి లేనిచో ఆ పరికరమును తాకినవారి శరీరమే దారి యగును. స్నానము చేయువారి ఒడలు తడిసియుండును, కాళ్లు తడినేల మీద నుండును. కావున తక్కిన గదులకంటె స్నానపు గదిలో ఈ ముప్పు హెచ్చు.

అంతవరకు మేము ఏ బాయిలరు కొందమా యని ఆలోచించుచుంటిమి. ఆ రాత్రి నుండి ఆ ప్రశ్న రెండవదాయెను. ఏది కొన్నను దాని తీగె ఎక్కడికి పోవుననునది మొదటి ప్రశ్న యాయెను.

వేడి లెక్క

మా వారు పెద్దమ్మాయిని కూర్చుండబెట్టి పలక మీద లెక్క వేయించిరి. అందులో గణితశాస్త్రపు గొప్ప యేమియు లేదు. మీరును వేసికొనవచ్చును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకెలోరీ వేడి కావలెను. విద్యుత్తు ఒక యూనిట్టు సుమారు 860 కిలోకెలోరీల వేడి నిచ్చును. చలికాలమున తొట్టినీరు 20 డిగ్రీలనియు, స్నానమునకు 40 డిగ్రీలు సుఖమనియు, ఒక్కొక్కరికి 20 లీటర్ల బకెట్టు ఒక్కటి యనియు అనుకొందము. బకెట్టునకు 400 కిలోకెలోరీలు, అనగా అరయూనిట్టునకు కొంచెము తక్కువ. ఐదుగురకు రమారమి రెండుంబాతిక యూనిట్లు. నెలకు సుమారు 70.

ఈ 70 యూనిట్లు చిన్న సంఖ్య కాదు. వాడకము పెరిగినకొలది యూనిట్టు ధర హెచ్చు మెట్టుల పద్ధతిలో, పై మెట్టునకు పోయినచో మనము ఎక్కువ చెల్లింతుము. 2024 మార్చిలో ఆరంభమైన గృహజ్యోతి పథకముచే నెలకు 200 యూనిట్ల వరకు ఉచితముగా పొందుచున్న కుటుంబములవారు ఈ లెక్కను మరింత జాగ్రత్తగా చూచుకొనవలెను. స్నానపు నీళ్లతో ఆ హద్దు దాటినచో లాభము చేజారును.

కట్టెల లెక్కయు వేసితిమి. కిలో ఎండుకట్టెలో నాలుగువేల కిలోకెలోరీల దాపు వేడి యున్నను, మూడురాళ్ల పొయ్యి మీద అందులో పదింట ఒక పాలు, ఒకటిన్నర పాలు మాత్రమే నీటికి చేరును. తక్కినదంతయు గాలిపాలు. ఆ లెక్కన ఐదు బకెట్లకు దినమునకు నాలుగైదు కిలోల కట్టె. గొట్టము నడుమ నిప్పుండుటచే రాగి బాయిలరు ఇంతకంటె మేలే. కాని పొగ పొగయే.

ఎన్ని విధములు?

మంచు కురియు దేశములలో బాయిలరన్నచో ఇల్లంతయు వెచ్చగా నుంచు యంత్రము. గదిగదికిని వేడినీటి గొట్టములు పోవును. మనకా యవసరము లేదు. మన బాయిలరు స్నానమునకే. అంగడిలో మాకు కనబడినవి నాలుగు విధములు.

మొదటిది గ్యాసుతో పనిచేయు గీజరు. గీజరను పేరు ఐస్లాండు ద్వీపములోని వేడినీటి బుగ్గ పేరునుండి వచ్చినది. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనునాయన గ్యాసుమంటతో నీరు కాచు యంత్రమును కల్పించి దానికి ఆ పేరు పెట్టెను. ఆ మొదటి యంత్రమునకు పొగ బయటికి పోవు గొట్టము లేకపోవుట పెద్ద లోపము. ఆశ్చర్యమేమనగా, ఆ లోపమునే మనము నేడును చిన్న స్నానపు గదులలో మరల కల్పించుకొనుచున్నాము. తలుపు కిటికీలు మూసిన గదిలో గ్యాసు మండినచో గాలి చాలక కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానము చేయువారు తెలియకయే స్పృహ తప్పుదురు. దేశములో పలుచోట్ల ఇట్లు ప్రాణములు పోయినవి. గ్యాసు గీజరు పెట్టదలచినవారు దానిని స్నానపు గది వెలుపల, గాలి యాడు చోట పెట్టి, నీటిగొట్టమును మాత్రము లోపలికి తీసికొనవలెను. మా యింట అట్టి చోటు లేదు గావున దానిని విడిచితిమి.

రెండవది అప్పటికప్పుడు వేడిచేయు మూడు లీటర్ల చిన్న గీజరు. మూడు కిలోవాట్ల దైనచో నిమిషమునకు రెండు లీటర్లకు మించి 20 డిగ్రీలు పెంచలేదు. బకెట్టు నిండుటకు తొమ్మిది పది నిమిషములు పట్టును. ఒకరిద్దరున్న యింటికి చాలును. బడివేళకు వరుసగా స్నానములు చేయు ఇంటికి ఆలస్యము.

మూడవది నీటిని నిలువచేసి కాచు విద్యుత్ గీజరు. తొట్టి చుట్టును వేడి పోకుండ దళసరి పొర యుండును. దాని మీద ఇంధన పొదుపు సంస్థవారి నక్షత్రముల గుర్తు చూడవలెను. ఒకటి మొదలు ఐదు వరకుండును. నీరు ఊరక నిలిచియున్నప్పుడు ఎంత తక్కువ వేడి పోగొట్టుకొనునో అన్ని ఎక్కువ నక్షత్రములు. దానితోపాటు ఐ.ఎస్. 2082 అను ప్రమాణపు ముద్రయు నుండవలెను.

నాల్గవది ఎండతో నీరు కాచునది. ఇది క్రొత్త వింత కాదు. 1891లోనే అమెరికాలో క్లారెన్స్ కెంప్ అనునాయన దానికి పేటెంటు పొందెను. 1909లో విలియం బెయిలీ యనునాయన వేడినీటిని వేరొక తొట్టిలో దాచి రాత్రియు వాడుకొను ఉపాయము కల్పించెను. వేడినీరు తేలికయై పైకి పోవును, చన్నీరు బరువై క్రిందికి వచ్చును. అందుచే మోటారు లేకయే నీరు తిరుగుచుండును. దినమునకు నూరు లీటర్లకు రెండు చదరపు మీటర్ల పలక చాలును. మన ప్రాంతమున దానిని దక్షిణముగా వాల్చి పెట్టవలెను. ఎండకు కొదువలేని మన యూరికి న్యాయముగా ఇదియే తగినది. కాని దానికి నీరందించు చన్నీటితొట్టి దానికంటె ఎత్తున నుండవలెను. మా మిద్దె మీది తొట్టి నేలబారుగా నున్నది. దానిని లేపుటకు ఇనుప మంచె కట్టవలెను. ఆ వ్యయమంతయు కలిపి చూడగా ఈ సంవత్సరమునకు మా చేతిలో లేదు.

మా నీటి గుణము

గీజరు కొనబోవువారు ధరకంటె ముందు తమ నీటిని చూచుకొనవలెను. మా ప్రాంతము గ్రానైటు రాతినేల. మా బోరునీరు కాచిన పాత్రల అడుగున తెల్లని పెచ్చు కట్టును. నీటిలో కరిగియున్న సున్నపు ద్రవ్యములు వేడికి విడిపోయి అట్లు పేరుకొనును. గీజరు లోపలి కడ్డీ మీదను అదే పెచ్చు కట్టును. కట్టినకొలది వేడి నీటికి అందక కడ్డీ తానే కాలి పాడగును. అట్టి నీరు గలవారు గీజరును 60 డిగ్రీలకు మించి పెట్టకుండుట మేలు. వేడి పెరిగినకొలది పెచ్చు త్వరగా కట్టును. తొట్టికి తుప్పు పట్టకుండ కొన్ని గీజరులలో మెగ్నీషియపు కడ్డీ నొకదానిని పెట్టుదురు. తొట్టికి బదులు అది తాను క్షీణించును. సంవత్సరమునకొకమారు విప్పించి, అది అరిగినచో మార్పించవలెను. ఈ సంగతి అంగడివారు చెప్పినను మనము చెవిని పెట్టము.

ఇంటి సభ

ఈ సంగతులన్నియు చేర్చుకొని ఒక ఆదివారము అందరము కూర్చుంటిమి. మా వారు అప్పు చేసియైన సూర్యుని యంత్రమే పెట్టింతమనిరి. పెద్దమ్మాయి చిన్న గీజరు చాలుననినది. అత్తగారు మాత్రము, “బిడ్డా, రాగి నీళ్లతోని ఒళ్లు తేలికయితది. పాతదానికే క్రొత్త అడుగు వేయించు,” అనిరి.

ఆమె మాటను త్రోసివేయుటకు మాకు నోరు రాలేదు. పదునారేండ్లు తెల్లవారుజామున ఆ బాయిలరు ప్రక్కనే అత్తాకోడండ్రము చేతులు కాచుకొనుచు మాటలాడుకొంటిమి. ఆమె తన కాపురపు కష్టములు చెప్పినది అచ్చటనే. మా తల్లిగారు పోయిన సంవత్సరము మేము ఎవరికిని కనబడకుండ ఏడ్చినదియు అచ్చటనే. పొగ వలన కన్నీరనుకొనిరి. అత్తగా రొక్కరు మాత్రము కనిపెట్టి, ఏమియు ననక, మా చేతిలోని ఊదుగొట్టము తాము తీసికొనిరి.

అయినను ఆమెకు మేమొక మాట విన్నవించుకొంటిమి. “అత్తమ్మా, ఆ పొగ మీకు పడుత లేదు. రేపు నేను మంచాన పడితే ఈ నిప్పు ఎవరు రాజేయాలె? పెద్దపిల్ల చదువు మాని చేయాల్నా?” అంటిమి. ఆమె చాలసేపు ఊరకుండి, “పిల్లకు కరెంటు కొట్టకుంట చూసుకో. తక్కిన దేదైన మంచిదే,” అనిరి.

తుదకు నిశ్చయమైనది ఇది. ఉన్న ధనములో మొదట ఇంటికి ఎర్తింగు, తరువాత రక్షక మీట, మిగిలినదానితో 25 లీటర్ల, రెండు కిలోవాట్ల నిలువ గీజరు. అట్టి గీజరు 25 లీటర్లను 20 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 35 నిమిషములు పట్టును. చన్నీరు కలిపినచో రెండున్నర బకెట్ల స్నానపు నీరగును. ఇద్దరు స్నానము చేయునప్పటికి మరల కాగుచుండును. రాగి బాయిలరును తూకమునకు అమ్మితిమి. వచ్చిన సొమ్ము ఎర్తింగు వ్యయములో సగమునకు పైగా సరిపోయినది. దానిని తూచునప్పుడు అత్తగారును మేమును లోపలికి పోతిమి.

అమర్చునప్పుడు చూడవలసినవి

ఇక పనివారు వచ్చిననాడు గృహిణి దగ్గర నిలిచి చూచుకొనవలసిన సంగతులు చెప్పుదుము. “నీకేమి తెలియును” అను చూపు ఎదురైనను వెనుకకు పోరాదు.

ఎర్తింగుకొరకు పెరటిలో లోతుగా గొయ్యి త్రవ్వి, లోహపు గొట్టము నిలిపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి మట్టి కప్పిరి. నేల తడిగా నున్ననే అది పనిచేయును. కావున వేసవిలో అప్పుడప్పుడు దానిలో నీరు పోయవలెను. ఆ గొట్టము నుండి వచ్చిన తీగె గీజరు సాకెట్టు మూడవ రంధ్రము వరకు చేరినదో లేదో బల్బు పెట్టి చూపుమని అడుగవలెను. మా యింట ఈ మారు బల్బు వెలిగినది.

రక్షక మీట, అనగా ఆర్.సి.సి.బి. అనునది, 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినంతనే రెప్పపాటులో ప్రవాహమును ఆపును. ఇది ఎర్తింగునకు తోడే కాని బదులు కాదు. రెండును ఉండవలెను. దాని మీద పరీక్ష గుండీ యుండును. నెలకొకమారు నొక్కి, మీట పడుచున్నదో లేదో చూడవలెను. గీజరునకు 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన దళసరి తీగె వేరుగా నుండవలెను. సాకెట్టు నీటి తుంపురులు పడనిచోట, మీట స్నానపు గది వెలుపల నుండిన మేలు.

గీజరునకు రక్షణలు మూడు. నిర్ణయించిన వేడి రాగానే ఆపునది ఒకటి. అది చెడినచో వేడి మితిమీరినప్పుడు ఆపునది రెండవది. రెండును తప్పినచో లోపలి ఒత్తిడిని బయటికి వదలు కవాటము మూడవది. నీరు కాగినప్పుడు ఉబ్బును. 25 లీటర్లు 20 నుండి 60 డిగ్రీలకు వచ్చినచో గ్లాసున్నర దాక పెరుగును. ఆ కవాటము నుండి అప్పుడప్పుడు బొట్లు పడుట దోషము కాదు. గది తడియుచున్నదని దానికి బిరడా కొట్టువారు కలరు. అట్లు చేయుట బాంబును గోడకు వ్రేలాడదీయుటయే.

అంగడిలో ఎనిమిది బార్ల ఒత్తిడి నోర్చునది మేలని గట్టిగా చెప్పిరి. అది పెద్ద మేడలకును, ఒత్తిడి మోటార్లు గల యిండ్లకును కావలసినది. పది మీటర్ల ఎత్తునకు ఒక్క బారు ఒత్తిడి. మా తొట్టి గీజరునకు మూడు మీటర్ల పైన కూడ లేదు. లేని ఒత్తిడికి ధర పెట్టనక్కరలేదు.

తుదకు, తొట్టి నిండి వేడినీటి కుళాయి నుండి నీరు ధారగా వచ్చిన తరువాతనే మొదటిమారు మీట వేయవలెను. నీరు లేక కడ్డీ కాలినచో క్రొత్త గీజరు ఆ క్షణముననే పాతది యగును.

వాడుకలో జాగ్రత్తలు

అరువది డిగ్రీల నీరు ఐదారు క్షణములలో చర్మమును కాల్చును. పసివారి లేత చర్మము మరింత త్వరగా కాలును. కావున బకెట్టులో మొదట చన్నీరు పట్టి, తరువాత వేడినీరు కలుపవలెను. ఈ వరుసను పిల్లలకు పద్యము వలె వల్లె వేయించవలెను. స్నానమునకు పోవునప్పుడు మీట ఆర్పివేయవలెను. నీరు ఎంత వేడిగా నుండవలెననుటకు మన పెద్దల మాటయు గలదు. మెడకు క్రింద వేడినీళ్లు బలము నిచ్చుననియు, తల మీద వేడినీళ్లు పోసికొన్నచో జుట్టునకు, కన్నులకు కీడనియు వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పినాడు. తలంటు స్నానమునాడు మా అత్తగారు ఈ నియమమును తప్పనీయరు.

విద్యుత్కడ్డీలు వాడుచున్న సోదరీమణులకు మా విన్నపము. వాడక తప్పనిచో ఎర్తింగు ఉన్న సాకెట్టుననే వాడుడు. కడ్డీ మీది గుర్తు వరకు నీరుండునట్లు చూడుడు. మీట ఆర్పి, ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే నీటిని తాకుడు. పిల్లలను ఆ గదిలోనికి రానీయకుడు.

ఇప్పుడు మా యింట

ఒక చలికాలము గడచినది. మేము గంటసేపు ఆలస్యముగా లేచుచున్నాము. ఆ గంట పెద్దమ్మాయికి చదువు చెప్పుటకు ఉపయోగపడుచున్నది. అత్తగారి దగ్గు పూర్తిగా పోలేదు గాని తెల్లవారుజామున వచ్చు తెర తగ్గినది. బిల్లు పెరిగినది, ఆ మాట దాచము. విద్యుత్తు పోయిననాడు గ్యాసుపొయ్యి మీద అత్తగారికి మాత్రము ఒక గిన్నెడు నీళ్లు కాచి, తక్కినవారము చన్నీళ్లే పోసికొనుచున్నాము. చేతిలో సొమ్ము చేరినప్పుడు సూర్యుని యంత్రమునకు మంచె కట్టింతుము. దానికి కావలసిన గొట్టపు మొదలును ఇప్పుడే గోడలో విడిచి బిరడా పెట్టించితిమి.

అత్తగారు ఇప్పటికిని చీకటితోనే లేచి, పెరటిలో బాయిలరుండిన చోట పీట వేసికొని కూర్చుందురు. ఆ వెచ్చదనమును ఏ గీజరును తీసికొనిరాలేదు. మొదటి దినములలో ఆమె ఒంటరిగా కూర్చుండుట చూచి మనసు చివుక్కుమనెడిది. ఇప్పుడు మేమును రెండు గ్లాసుల చాయ తీసికొని పోయి ప్రక్కన కూర్చుండుచున్నాము. పొగ లేకయే మాటలు సాగుచున్నవి.

సోదరీమణులారా, పండుగ తగ్గింపు ధరలు చూచి గీజరు కొనుటకు పోకముందు ఒక్క పని చేయుడు. మీ స్నానపు గది సాకెట్టులోని మూడవ రంధ్రమునకు తీగె యున్నదో లేదో తెలిసినవారిచే పరీక్షింపజేయుడు. లేనిచో అంగడికి పోవుట ఆపి ముందుగా దానిని చేయించుడు. మాకు ఆ సంగతి మా పిల్ల కేక చెప్పినది. మీకు ఈ నాలుగు మాటలు చెప్పినచో చాలును.